జాడ తీసే విద్య ఎవరిది?

మూడేండ్ల కింద ఎండాకాలం సెలవుల్లో ఒక సంస్థ పెట్టిన పది రోజుల శిక్షణకు దరఖాస్తు చేసుకున్నాను. అడవి జంతువుల జాడ తీయడం, దాన్ని బడి పిల్లలకు నేర్పడం అక్కడి పాఠం. చివర్లో ట్రాకర్ అనీ, నేచర్ ఎడ్యుకేటర్ అనీ సర్టిఫికెట్ ఇస్తారు. ఫారంలో ఒక గడి ఉంది. ‘ఈ విషయంలో ఇంతకుముందు ఎక్కడ, ఎవరి దగ్గర శిక్షణ పొందారు?’ పెన్ను పట్టుకుని చాలాసేపు కూచున్నాను. చివరికి ‘స్వయంకృషి’ అని రాశాను.

అది అబద్ధం. నాకు జాడ తీయడం నేర్పినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు మా నాయిన, పటేలు ఇంట్లో పశులు కాసిన జీతగాడు. ఇంకొకరు నల్లమలలో ఒక చెంచు తాత. ఇద్దరికీ సంతకం రాదు, వేలిముద్రే. ఆ ఇద్దరినీ ఆ గడిలో రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. అది నా ఒక్కడి సంగతి కాదనిపించి ఇది రాస్తున్నాను.

మాది పాత మహబూబ్‌నగర్ జిల్లాలో అచ్చంపేట వైపు, అడవి అంచున ఒక ఊరు. మాదిగ గేరి. మా ఇంటి నుంచి డిగ్రీ దాకా చదివినవాణ్ని నేనే మొదలు. 2012 డీఎస్సీలో నాకు పంతులు ఉద్యోగం వచ్చిన రోజు నాయిన గేరంతా బెల్లం పంచిండు. ఆయన ఎనిమిదేండ్ల వయసులో జీతం కుదిరినవాడు. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. ఆ చెప్పులూ మా తాత కుట్టినవే.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు పటేలు ఎర్ర పెయ్య ఒకటి పొద్దుగూకినా మందతో ఇంటికి రాలేదు. తెల్లవారకముందే నాయిన నన్ను లేపి వెంట తీసుకుపోయాడు. వాగు కాడ బురదలో నూరు గిట్టల గుర్తులున్నాయి.

“గిండ్ల మన పెయ్యది యాడున్నదో సూడు” అన్నాడు.

నాకు అన్నీ ఒక్కతీరే కనిపించినయి.

“దాని ఎడమ ముందర గిట్ట కొస ఇరిగింది. బురదల దిగితే ఒక దిక్కు గీత పడ్తది. ఆ గీతను ఎతుకు.”

దొరికింది. దొరికినంక ఇక ఆ గీత తప్ప నాకు వేరే ఏదీ కనిపించలేదు. మంద నుంచి అది ఎక్కడ విడిపోయిందో నేనే చెప్పాను. ఒకచోట అడుగు మీద సాలెగూడు అల్లి ఉంది. “రాత్రే పోయింది. పొద్దుగాల పోతే గూడు తెగుతుండె” అన్నాడు. ఇంకొంచెం దూరం పోయినంక అడుగుకూ అడుగుకూ ఎడం పెరిగింది. గిట్ట రెండు చీలికలూ విచ్చుకుని, మన్ను వెనక్కి చిమ్మి ఉంది. “గీడికెల్లి ఉరికింది.” అక్కడే పక్కన గుండ్రటి అడుగు ఒకటి. నాలుగు వేళ్ళు, మడమ. నాయిన ఒంగి, వేలు ఆనించకుండా చూపించాడు. “కుక్కయితే గోర్లు పడ్తయి. ఇది గోర్లు లోపట ముడుసుకొని నడుస్తది. చిర్తపులి.” అక్కడి నుంచి పొద కిందికి ఈడ్చుకుపోయిన జాడ.

పెయ్య దొరికింది. గొంతు కింద కోరలు దిగిన గుర్తులు. కడుపు వైపు తిని వదిలిపెట్టింది. “పెద్దపులైతే ఎక్కువగ ఎనక తొడల కాడ సురు జేస్తది” అన్నాడు నాయిన. భయం లేదు, గొప్ప లేదు. బడిలో సారు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు.

పటేలు అంతా విన్నాడు. “నువ్వు పండుకున్నవు, అది పోయింది” అన్నాడు. పెయ్య ఖరీదు జీతంలో కోశాడు. ఆ పెయ్యను ఎత్తిపారేసే పని కూడా మాదే. నాయిన తోలు తీస్తుంటే నేను కాలు పట్టుకున్నాను. మరుసటి రోజు బడిలో నా పక్క పిల్లగాడు ముక్కు మూసుకుని అటు జరిగాడు. సారు చూశాడు, ఏమీ అనలేదు.

తొమ్మిదేండ్లకే నేను చూసి, గుర్తుపట్టి, కారణం వెతికి, కారణానికి రుజువు చూపించడం నేర్చుకున్నాను. తర్వాత డిగ్రీలో సైన్సు చదివినప్పుడు పరిశీలన, ఊహ, నిరూపణ అని అదే చెప్పారు. కానీ ఆ రోజు దాన్ని ఎవరూ పాఠం అనలేదు. వాసన అన్నారు. నేనూ దాన్ని వాసన అనే గుర్తుపెట్టుకున్నాను. చదువు ముందుకు పోయేకొద్దీ ఆ వాసన కడుక్కోవడమే చదువు అనుకున్నాను. ‘స్వయంకృషి’ అని రాయించింది ఆ కడుక్కునే అలవాటే.

ఉద్యోగంలో ఐదో ఏడు అడవి దగ్గరి బడికి బదిలీ అయ్యాను. చెంచు పిల్లలు ఇప్పపూల కాలంలో బడికి వచ్చేవాళ్ళు కాదు. హాజరు పట్టీలో నేను గైర్హాజరు వేస్తూ పోయేవాణ్ని. ఒక పొద్దున మూడో తరగతి పిల్ల ఒకతె గేటు కాడ నిలబడి, “సారూ, రాత్రి మన బళ్ళెకు ఏదుపంది వచ్చి పోయింది” అన్నది. ఎట్లా తెలుసన్నాను. అడుగులు చూపించింది, చెట్టు మొదట్లో కొరికిన బెరడు చూపించింది, వెతికి ఒక ముల్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ రోజు నా పాఠ్యపుస్తకంలో పాఠం ‘మన చుట్టూ ఉన్న జంతువులు’. ఏనుగు బొమ్మ, ఒంటె బొమ్మ ఉన్నాయి. మా చుట్టుపక్కల ఏనుగూ లేదు, ఒంటే లేదు.

ఆ పిల్ల తాత అడవిలో వాచరు. రోజుకూలి మనిషి. సెలవు రోజుల్లో ఆయన అనుమతి ఉన్న దారుల్లో, వాగు వెంట, చెలిమల దగ్గర నన్ను తిప్పేవాడు. కణితి అడుగుకూ దుప్పి అడుగుకూ తేడా ఆయన చూపించాడు. మెత్తటి బురదలో అడవిపందికి గిట్టల వెనక రెండు చిన్న గుంటలు కూడా పడతాయని చూపించాడు. గుడ్డెలుగు వెనక కాలి అడుగు మనిషి పాదం లాగే ఉంటుంది, ముందర గోళ్ళ గుర్తులే తేడా. పులి మూత్రం కొట్టిన చెట్టు దగ్గర కొత్త బియ్యం ఉడికిన వాసన వస్తుంది. అడుగు అంచు పదునుగా ఉందా, గాలికి రాలిందా, రాత్రి పురుగులు దాని మీద నడిచాయా అని చూసి ఎప్పటిదో చెప్పేవాడు. కొండముచ్చు చెట్టు మీద దగ్గితే ఆగేవాడు. “అది మనల్ని సూసి కాదు సారూ, మన ఎనకదాన్ని సూసి అంటుంది” అన్నాడొకసారి. ఆ రోజు ఇద్దరం వెనక్కి తిరగకుండా నిదానంగా పక్కకు తప్పుకున్నాం.

ఆయన మాట్లాడుతుంటే నాకు మా నాయిన గొంతు వినబడేది. అదే పద్ధతి. మొదలు ఏం కనిపిస్తుందో అడగడం, తర్వాత తను చూసింది చెప్పడం. బీఎడ్‌లో దీన్నే విద్యార్థి కేంద్రిత బోధన అని రాశాను, మార్కులు కూడా వచ్చాయి.

ఇప్పుడు కొంచెం పెద్ద లెక్క చూద్దాం. ఈ దేశంలో 1972లో పులులను మొదటిసారి లెక్కపెట్టారు. 1,827 అన్నారు. ఆ లెక్క అడుగుల మీదే జరిగింది. పులి అడుగు మీద గాజు పలక పెట్టి గీసుకోవడం, ప్లాస్టర్‌తో అచ్చు తీయడం. ఈ పద్ధతిని 1960లలో రూపొందించిన అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌదరి పేరు పుస్తకాల్లో ఉంది. ఉండాల్సిందే. కానీ అధికారికి అడుగు ఎక్కడుందో చూపించినవాళ్ళ పేర్లు? అవి ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

తర్వాత రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులీ మిగలలేదని 2005లో తేలింది. కాగితం మీద మాత్రం అప్పటిదాకా పులులున్నాయి. ప్రధానమంత్రి టైగర్ టాస్క్‌ఫోర్స్ వేశారు. అడుగుల లెక్క నమ్మదగింది కాదని కెమెరాల పద్ధతి తెచ్చారు. 2006 లెక్కలో దేశం మొత్తానికి 1,411 పులులు తేలాయి. 2022 లెక్కలో 3,682. కెమెరా మంచిదే. చారలను బట్టి ఏ పులికి ఆ పులిని వేరుగా గుర్తుపడుతుంది. రెండుసార్లు లెక్కపెట్టే తప్పు తగ్గుతుంది. కానీ కెమెరా ఏ చెట్టుకు కట్టాలి, ఏ దారిన పులి వస్తుంది, ఎంత ఎత్తులో కడితే పడుతుంది, ఇదంతా కెమెరాకు తెలియదు. అది చెప్పేది తాత. సరిస్కాలో అబద్ధం చెప్పింది అడుగు కాదు, కాగితం. కానీ నమ్మకం పోయింది అడుగు మీద.

పశువును పులో చిరుతో చంపితే ఇప్పుడు ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది. పశువు సొంతదారుకు ఇస్తుంది. జాడ తీసి, కళేబరాన్ని వెతికి, ఏది చంపిందో చెప్పిన కాపరికి ఆ లెక్కలో గడి లేదు. నాయిన కాలంలోనైతే ఎదురు ఆయనే కట్టాడు.

ఇదంతా చెబుతుంటే ఒక మిత్రుడు నన్ను గట్టిగా నిలదీశాడు. దళిత విద్యార్థి సంఘంలో పనిచేసినవాడు. “అంబేడ్కర్ చచ్చిన పశువును మొయ్యొద్దన్నాడు. ఊరు విడిచి పట్నం పొమ్మన్నాడు. నువ్వు చదువుకుని, మళ్ళీ అడివికి పోయి పెంటికలు చూస్తవా? మన వెట్టికి కొత్త పేరు పెట్టి మనమే మురిసిపోదామా?”

ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఇప్పటికీ తీసుకోను. 1927లో మహద్ చెరువు కాడికి అంబేడ్కర్ జనాన్ని ఎందుకు తీసుకుపోయాడు? ఆ చెరువులో పశువులు నీళ్ళు తాగొచ్చు, అంటరాని మనిషి తాగరాదు. ఆ పోరాటంలోనే కళేబరాలు మొయ్యడం, ఆ మాంసం తినడం మానమని చెప్పాడు. 1941లో జాషువా ‘గబ్బిలం’లో అంటరానివాడు శివుడికి కబురు పంపాల్సి వచ్చి గబ్బిలాన్ని పంపాడు. మనిషికి లేని గుడి ప్రవేశం గబ్బిలానికి ఉంది. జంతువుకు ఉన్న చోటు మాకు లేని దేశంలో, జంతువును ప్రేమించమని మా పిల్లలకు చెప్పడం అంత సులువు కాదు. పట్నం నుంచి వచ్చి దుర్భిణిలో పిట్టను చూసి కండ్లనీళ్ళు పెట్టుకునేవాళ్ళకు ఈ చిక్కు లేదు.

అయినా నా జవాబు ఇది. అంబేడ్కర్ మొయ్యొద్దన్నది బరువును. తెలుసుకున్నదాన్ని పారెయ్యమనలేదు. నాయినకు గిట్ట తెలియడం వెట్టి కాదు. ఆ తెలివి ఉన్నా ఆయన జీతం మానలేకపోవడం, మానితే ఇల్లు గడవకపోవడం, తెలివికి బదులు జీతంలో కోత పడడం, అదీ వెట్టి. అడవిలోకి పోయే నాకు రేపు విసుగొస్తే మానుకోవచ్చు. నా జీతం ఆగదు. నాయినకు ఆ వీలు లేదు. కాబట్టి ఒక పని విద్యా, వెట్టా అని తేల్చడానికి పనిని చూస్తే సరిపోదు. చేసేవాడు దాన్ని వదిలిపెట్టగలడా అని చూడాలి. వాడి బిడ్డ వేరే పని ఎంచుకోగలదా అని చూడాలి. వాడి మాట లెక్కలోకి వస్తుందా, పేరు కాగితం మీదికి వస్తుందా, కూలి చేతికి వస్తుందా అని చూడాలి. ఇవి లేకుండా ‘మీది గొప్ప సంప్రదాయ జ్ఞానం’ అని పొగిడేవాళ్ళను నమ్మొద్దు. పొగడ్త కూడా ఒక రకం కోతే.

ఇంత తెలిసిన నేను ఏం చేశాను? అది కూడా చెప్పాలి.

శిక్షణ అయ్యి సర్టిఫికెట్ వచ్చినంక, పట్నం పిల్లల అడవి శిబిరానికి నన్ను పిలిచారు. దారి తెలుసని తాతను కూడా తీసుకుపోయాను. నా మెడలో దుర్భిణి, నెత్తిన టోపీ. పులి అడుగు చూపించి, ఆడదానిది కొంచెం పొడుగ్గా, మగదానిది చదరంగా ఉంటుందని చెబుతున్నాను. అది తాత నేర్పిన మాటే. ఆయన వెనక నిలబడి ఉన్నాడు. నిర్వాహకుడు ఒకాయన ఆయన్ని చూసి, “నువ్వు ఆ నీళ్ళ డబ్బా పట్టుకుని ముందు నడు” అన్నాడు. తాత డబ్బా ఎత్తుకున్నాడు. నేను చూశాను. ఏమీ అనలేదు.

బడిలో ఆ పిల్లగాడు ముక్కు మూసుకున్న రోజు మా సారు కూడా ఏమీ అనలేదు. ముప్పై దాటినంక నేను ఆ సారు నిలబడ్డ చోటే నిలబడ్డాను. మాదిగవాణ్ని కాబట్టి నాకు ఇంకొకరి మీద పెత్తనం రాదనుకున్నాను. ఉద్యోగం, టోపీ, దుర్భిణి చాలు, వస్తుంది. కులం కింద నలిగినోడికి ఇంకొకరిని నలపరాదని దానంతటదే తెలియదు. నేర్చుకోవాలి.

ఆ రాత్రి తాత దగ్గరికి పోయి తప్పయిందన్నాను. ఆయన బీడీ ముట్టించి, “నీళ్ళు మోస్తె ఏంగాదు సారూ. కానీ నువ్వు చెప్పేటప్పుడు ఎనకకాలు అడుగును ముందరకాలు అన్నవు. నన్ను అడిగితె అయిపోవు గదా” అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వచ్చింది. నేను చేసింది అవమానమే కాదు, పాఠం కూడా తప్పు.

తర్వాతి శిబిరం నుంచి పద్ధతి మార్చాం. తాత చెబుతాడు, పిల్లలు అడుగుతారు, అర్థం కాని మాట ఉంటే నేను విప్పి చెబుతాను. వచ్చిన డబ్బులు చెరి సగం. కాగితం మీద ‘బోధకులు’ అన్నచోట ఆయన పేరు మొదలు. పేరు రాసి చూపిస్తే, “పేరుతోని కడుపు నిండదు. అయినా రాయి” అన్నాడు. ఒకసారి పిల్లలు తేనెపట్టు ఉన్న కొండ చరియ చూపించమన్నారు. తాత చూపించలేదు. తర్వాత నాతో, “అన్ని చెప్పొద్దు సారూ. కొన్ని మా పిల్లలకు మిగలాలె” అన్నాడు. నేర్పే హక్కు అన్నప్పుడు నేర్పకుండా ఉంచుకునే హక్కు కూడా అందులో ఉంటుందని నాకు అప్పుడు అర్థమైంది.

దక్షిణాఫ్రికాలో లూయీ లీబెన్‌బర్గ్ అనే ఆయన 1990లో ఒక పుస్తకం రాశాడు. జాడ తీసే విద్యే విజ్ఞానశాస్త్రానికి మొదలు అని ఆయన వాదన. 1994 నుంచి అక్కడ ట్రాకర్లకు ఒక పరీక్ష పెడుతున్నారు. అడుగు ముందర నిలబెట్టి, ఇది ఏది, ఏం చేసింది అని అడుగుతారు. అక్షరం రానివాడు కూడా ఆ పరీక్ష పాసు కావొచ్చు. చదవడం రాని ట్రాకర్లు తాము చూసింది నమోదు చేసుకోవడానికి బొమ్మలు నొక్కే చిన్న యంత్రాన్ని కూడా 1990లలోనే తయారు చేశారు. పుస్తకం అట్ట మీద పేరు అక్కడ కూడా చదువుకున్నవాడిదే. అయినా ఆ పరీక్ష గురించి చదివినప్పుడు నాకు తాత గుర్తొచ్చాడు. మన దగ్గర ఆయన్ని అడిగేది పదో తరగతి మెమో.

సర్టిఫికెట్ ఒక్కటే చాలదని కూడా తెలుసు. పులుల అభయారణ్యం లోపలి పెంటలను బయటికి పంపే మాట ఏండ్లుగా నడుస్తున్నది. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది, ఒప్పుకోలు లేకుండా కదపరాదని నిబంధన ఉంది. చట్టం కాగితం మీద ఉన్నంత గట్టిగా నేల మీద ఉండదని మనకు తెలియందేం కాదు. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు నల్లమల మనుషులు లేచి నిలబడ్డారు, తెలంగాణ శాసనసభ కూడా వద్దని తీర్మానం చేసింది. అడవి చదివినవాళ్ళు అడవిలో ఉంటేనే ఆ నిలబడడం సాధ్యం. తాతను ‘గురువు’ అని, ఆయన పెంటను ‘ఆక్రమణ’ అని ఒకే నోటితో అనలేం.

ఇక నాయిన. ఈ పని సంగతి తెలిసి ఆయన సంబరపడలేదు. కోపం చేశాడు.

“నిన్ను సదివిచ్చింది గీ గిట్టలు సూడనీకెనారా? నేను సూసింది సాలదా?”

జవాబు చెప్పలేకపోయాను. జాడ విద్య అని నేను గర్వంగా అనేదాంట్లో ఆయనకు జీతం కోత ఉంది, వాన ఉంది, పటేలు గొంతు ఉంది. గతాన్ని గొప్పదనం చేసుకునే తొందరలో దాన్ని మోసినవాళ్ళ నొప్పిని మనం దాటిపోతాం. బడికి వచ్చి పిల్లలకు చెప్పమని నాలుగుసార్లు అడిగాను. రానన్నాడు. రాకపోవడం ఆయన ఇష్టం. నేను పైన చెప్పిన వదిలిపెట్టే స్వేచ్ఛ ఆయనకు డెబ్బై దగ్గర పడినంక దొరికింది. దాన్ని నేను లాక్కోకూడదు.

పోయిన చలికాలం పిల్లలు వాగు ఒడ్డున అడుగులు గీసిన కాగితాలు దిద్దడానికి ఇంటికి తెచ్చుకున్నాను. అరుగు మీద పరిచి ఉన్నాయి. నాయిన చుట్ట కాలుస్తూ అటు చూశాడు. కొంచెంసేపటికి దగ్గరికి వచ్చి ఒక కాగితం పక్కకు తీశాడు.

“గీ పోరగాడు దుప్పి అని రాసిండా? ఇది మేక. మనూరి మేకనే. నీళ్ళకు దిగింది.”

ఆ కాగితం మీద తప్పు దిద్దింది ఆయన. నేను కాదు.

ఆ వారమే శిక్షణ సంస్థకు ఉత్తరం రాశాను. నా దరఖాస్తులో ఒక గడి తప్పుగా నింపాను, దిద్దుకోండి అని. ‘నేర్పినవారు: మా నాయిన, పశుల జీతగాడు, మాదిగ. చెంచు తాత, అడవిలో రోజుకూలి వాచరు’ అని ఇద్దరి పేర్లూ రాశాను. జవాబు రాలేదు. వస్తుందని రాయలేదు.

చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకూ ఇట్లాంటి గడి ఒకటి ఎదురవుతుంది. ఉద్యోగం ఫారంలోనో, సెమినార్ పేపర్లోనో, ఇంటర్వ్యూ టేబుల్ ముందో ఎవరు నేర్పారని అడుగుతారు. మీ అమ్మకు విత్తనం తెలిసి ఉంటుంది, మీ నాయినకు తోలు తెలిసి ఉంటుంది, మీ అవ్వకు మంత్రసాని పని తెలిసి ఉంటుంది. ఆ పనిలోకి మిమ్మల్ని ఎవరు తోసినా పోవద్దు. కానీ ఆ గడిలో ‘స్వయంకృషి’ అని మాత్రం రాయొద్దు.